నీటిమట్టం మీ చేతిలో, నష్టం రైతు నెత్తిన: పీట్ నేలల సాగుపై బహిరంగ లేఖ

పీట్ నేలల మీద వ్యవసాయం సాగుతున్న దేశాల వ్యవసాయ, నీటిపారుదల, పర్యావరణ శాఖల అధికారులకు, ఆ పొలాల మురుగు కాలువలను, తూములను, పంపులను నిర్వహించే సంస్థల ఇంజనీర్లకు,

నమస్కారాలు.

నేను నేలల పరీక్షా రంగంలో పనిచేస్తున్నవాణ్ని. పీట్ నేలల, అంటే నీటిలో సగమే కుళ్ళిన మొక్కల పొరలతో ఏర్పడిన నేలల, సాగు గురించి ఇంతకుముందు నేనూ నా సహచరులూ పంపిన నివేదికలకు వచ్చిన జవాబులన్నీ ఒకే మూసలో ఉన్నాయి. ఇది నీటి వ్యవహారమని వ్యవసాయ శాఖ వారు నీటిపారుదల శాఖకు పంపారు. ఇది కర్బన ఉద్గారాల వ్యవహారమని వారు పర్యావరణ శాఖకు పంపారు. సాగు భూములు తమ పరిధిలోకి రావని ఆ శాఖ వారు తిరిగి వ్యవసాయ శాఖకే చేర్చారు. ఫైలు మూడు బల్లలూ తిరిగి వచ్చేసరికి నేల మరో సెంటీమీటరు కుంగింది. అందుకే ఈసారి మూడు శాఖలనూ ఒకే సంబోధన కిందికి తెచ్చి, అందరూ చూసేలా రాస్తున్నాను.

చెప్పదలచింది ఒక్కటే. పీట్ పొలంలో నీరు ఎంత లోతున నిలవాలో తేల్చేది రైతు కాదు. కాలువ ఎంత లోతు తవ్వాలో, తూము తలుపు ఎప్పుడు ఎత్తాలో, పంపు ఎన్ని గంటలు నడపాలో నిర్ణయించేది మీరు. ఆ నిర్ణయాల వల్ల కలిగే నష్టాన్ని మాత్రం ఆ నేలను దున్నేవారు, దాని మీద ఇల్లు కట్టుకున్నవారు, అది అంటుకున్నప్పుడు పొగ పీల్చేవారు భరిస్తున్నారు. ఈ లెక్కను సరిచేయవలసిన బాధ్యత మీది.

పీట్ అన్న మాట మన పాఠకులకు ఎక్కువగా కోకోపీట్ ద్వారానే పరిచయం. కొబ్బరి పొట్టుతో చేసే ఆ సరుకుకు ఆ పేరు రావడానికి కారణం అది అసలు పీట్‌కు బదులుగా వాడేది కావడమే. అసలు పీట్ వేరు. నీరు ఏడాది పొడవునా నిలిచి, గాలి చొరబడని చోట, రాలిన ఆకు, వేరు, నాచు పూర్తిగా కుళ్ళకుండా పొర మీద పొరగా పేరుకుంటే ఏర్పడేది పీట్. అది ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. అంటే పార దిగబడే లోతైన ఒక్క మీటరు పీట్ వెనుక రమారమి వెయ్యేళ్ళు ఉన్నాయి. భూమి మీది నేలలో పీట్ ఆక్రమించిన భాగం 3 శాతమే అయినా, ప్రపంచంలోని అడవుల చెట్లన్నిటిలో ఉన్న కర్బనం కన్నా ఎక్కువ కర్బనం అందులో నిలవ ఉంది.

దీన్ని పరీక్షించే తేలికైన పద్ధతి ఒకటి చెబుతాను. స్వీడన్‌కు చెందిన లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ 1920లలో రూపొందించిన ఈ పద్ధతికి ప్రయోగశాల అక్కర్లేదు, పిడికిలి చాలు. బోలు గొట్టంతో తోడి తీసిన పీట్ ముద్దను అరచేతిలో పెట్టుకుని గట్టిగా పిండాలి. చెడని పీట్ నుంచి దాదాపు తేట నీరు కారుతుంది. వేళ్ళు విప్పితే నాచు ఆకులు, మొక్కల వేర్లు ఏవి ఏవో గుర్తుపట్టవచ్చు. బాగా కుళ్ళిన పీట్‌ను పిండితే చేతిలో ఏమీ మిగలదు, ముద్ద మొత్తం నల్లటి జావలా వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంది. మొదటి రకానికి 1, చివరి రకానికి 10 అని అంకె వేస్తారు. పదేపదే దున్ని, లోతుగా నీరు తీసిన పొలంలో పై పొరకు చాలాసార్లు ఆ అంకె కూడా వేయలేము, ఎందుకంటే పిండడానికి అందులో తడే ఉండదు. ఎండి పొడి అయిన ఆ మట్టి ఒకసారి పూర్తిగా ఆరిందంటే మళ్ళీ నీటిని సులువుగా పీల్చుకోదు కూడా.

ఈ నేలలను సాగులోకి తెచ్చినవారిని తప్పుపట్టడానికి ఈ లేఖ రాయలేదు. చదునైన భూమి, రాయి లేని మెత్తని నేల, నీరు తీస్తే చాలు దుంపలూ ఆకుకూరలూ ఏపుగా పెరిగే నల్లమట్టి కనిపించినప్పుడు ఆకలితో ఉన్న సమాజం దాన్ని వదులుకోదు. ఇంగ్లండులోని ఫెన్ ప్రాంతం ఆ దేశపు అత్యుత్తమ శ్రేణి సాగుభూమిలో దాదాపు సగం. అక్కడి రైతును రేపటి నుంచి సాగు మానుకొమ్మనడం న్యాయమూ కాదు, జరిగే పనీ కాదు. అయితే నీరు తీసిన పీట్ మామూలు నేల లాంటిది కాదన్న సంగతిని ఆ కాలువలు తవ్వించిన ప్రభుత్వాలు రైతుకు ఎన్నడూ చెప్పలేదు. మామూలు నేల వాడకంతో సారం కోల్పోతుంది, ఎరువు వేస్తే కొంతైనా కోలుకుంటుంది. నీరు తీసిన పీట్ నేలే మాయమవుతుంది. గాలి తగలగానే సూక్ష్మజీవులు దాన్ని తిని బొగ్గుపులుసు వాయువుగా మార్చేస్తాయి.

దీనికి సాక్ష్యాలు కాగితాల మీద కాదు, భూమిలో పాతి ఉన్నాయి. ఇంగ్లండులోని హోమ్ ఫెన్‌లో, పక్కనున్న విటిల్సీ సరస్సును ఎండగట్టిన కాలంలో, పీట్ కింది గట్టి నేల దాకా దిగేలా ఒక పోత ఇనుప స్తంభాన్ని 1851లో పాతారు. అప్పట్లో దాని తల నేలకు సమంగా ఉండేది. ఇప్పుడు ఆ స్తంభం సుమారు 4 మీటర్లు బయటికి కనిపిస్తోంది. స్తంభం లేవలేదు, చుట్టూ ఉన్న భూమి దిగిపోయింది. అమెరికాలోని ఫ్లోరిడాలో బెల్ గ్లేడ్ వద్ద 1924లో 9 అడుగుల కాంక్రీటు స్తంభాన్ని అడుగు రాతి వరకు దించి, తల నేలకు సమంగా ఉండేలా నిలిపారు. ఈనాడు అందులో 6 అడుగులకు పైగా నేల పైన ఉంది. మిగిలిన మన్ను మూడు అడుగులైనా లేదు. ఆ స్తంభం పక్కన నిలబడిన మనిషికి తన తాత ఏ ఎత్తున నడిచాడో కనిపించాలంటే తల పైకెత్తవలసి వస్తుంది. సమశీతోష్ణ దేశాల్లో ఈ కుంగుదల ఏటా ఒకటి రెండు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఉష్ణమండలంలో తోటల కోసం నీరు తీసిన పీట్ మొదటి అయిదేళ్ళలోనే మీటరుకు పైగా కుంగి, ఆ తరువాత కూడా ఏటా సుమారు 5 సెంటీమీటర్ల వంతున దిగుతున్నట్టు కొలతలు చెబుతున్నాయి.

ఇక దీనివల్ల సామాన్యులకు కలుగుతున్న నష్టాలను ఒక్కొక్కటిగా మీ ముందు ఉంచుతున్నాను.

1. మురుగు తీసే ఖర్చు ఎన్నటికీ తగ్గదు, పెరుగుతూనే పోతుంది. మొదట పొలం నది కన్నా ఎత్తున ఉంటుంది కనుక నీరు దానంతటదే పారుతుంది. నేల కుంగే కొద్దీ ఆ వాలు పోతుంది, పంపు పెట్టాలి. పంపు పెట్టి నీటిని ఇంకా కిందికి దించితే కొత్తగా ఎండిన పొర కుళ్ళి నేల మళ్ళీ కుంగుతుంది. అప్పుడు కాలువను మరింత లోతు చేయాలి. ఈ గానుగ తిరుగుడుకు అయ్యే కరెంటు, డీజిలు ఖర్చును ఎక్కడ శిస్తు రూపంలో, ఎక్కడ నీటి పన్ను రూపంలో వసూలు చేసినా చివరికి చెల్లించేది ఆ ప్రాంతపు ప్రజలే.

2. గట్టు తెగితే పొలం చెరువవుతుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో శాక్రమెంటో, శాన్ వాకీన్ నదుల డెల్టాలో కొన్ని లంకలు సముద్రమట్టం కన్నా 7 మీటర్లకు పైగా దిగువకు పోయాయి. 2004 జూన్‌లో తుఫాను గానీ వరద గానీ లేని ఒక మామూలు రోజున అక్కడి జోన్స్ ట్రాక్ట్ గట్టుకు గండి పడి వేల ఎకరాలు మునిగాయి. రెండున్నర కోట్ల మందికి పైగా జనానికి నీరందించే ప్రవాహం ఆ గట్ల నడుమనే సాగుతోందని గుర్తుచేస్తే ఇది రైతుల సమస్య మాత్రమే కాదని అర్థమవుతుంది.

3. పీట్ అయిపోయాక బయటపడేది మంచి నేల కాకపోవచ్చు. తీర ప్రాంతాల్లో పీట్ కింద చాలాచోట్ల ఇనుము, గంధకం కలిసిన బంకమన్ను ఉంటుంది. నీటి కింద ఉన్నంతకాలం దానివల్ల హాని లేదు. గాలి తగిలితే అందులోంచి గంధకికామ్లం పుడుతుంది. కేరళలోని కుట్టనాడులో కరి నేలలుగా పిలిచే నల్లటి పీట్ నేలల రైతులకు ఈ పులుపుతో పోరాటం కొత్త కాదు. నేల ఎండితే ఆమ్లం లేస్తుంది, దాన్ని కడగడానికి నీరు, విరవడానికి సున్నం కావాలి. కరి అన్న మాట మనకూ నలుపే కనుక ఆ పేరు విన్న తెలుగు రైతుకు నల్లరేగడి గుర్తుకు రావచ్చు. కానీ ఆ నలుపు వేరు, ఈ నలుపు వేరు.

4. నిప్పు గురించి కొంత వివరంగా చెప్పాలి. ఎండిన పీట్ ఇంధనం. అది మంటగా లేవదు, ఊక కుంపటిలా నేల కింద రాజుకుంటూ వారాల తరబడి పాకుతుంది. పైన నీళ్ళు చల్లితే పైపొర తడుస్తుంది, కింద రగులుతూనే ఉంటుంది. 1995 చివర్లో ఇండోనేషియా ప్రభుత్వం సెంట్రల్ కలిమంతన్‌లో 10 లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలుగా మార్చే పథకాన్ని ప్రారంభించి 4,000 కిలోమీటర్లకు మించి కాలువలు తవ్వించింది. అక్కడ చెప్పుకోదగ్గ వరి పండలేదు, 1999 నాటికి పథకాన్ని వదిలేశారు, కాలువలు మాత్రం నీటిని తోడుతూనే ఉన్నాయి. 1997 నాటి కరువులో ఇండోనేషియాలో కాలిన పీట్, చెట్ల నుంచి వెలువడిన కర్బనం 81 కోట్ల టన్నుల నుంచి 257 కోట్ల టన్నుల మధ్య ఉంటుందని శాస్త్రవేత్తలు అంచనా కట్టారు. అది ఆనాటి ప్రపంచమంతటి బొగ్గు, చమురు, గ్యాస్ ఏటా వదిలే కర్బనంలో 13 నుంచి 40 శాతానికి సమానం. 2015లో మళ్ళీ అదే జరిగింది. ఆ ఏడు దేశంలో కాలిన సుమారు 26 లక్షల హెక్టార్లలో దాదాపు మూడో వంతు పీట్ భూమే. నష్టం 1,600 కోట్ల డాలర్లని ప్రపంచ బ్యాంకు లెక్కగట్టింది. పొగకు సరిహద్దులు తెలియవు కనుక సింగపూర్‌లో, మలేసియాలో బడులు మూసేశారు. 2010 వేసవిలో మాస్కోను కమ్మిన పొగలోనూ ఎప్పుడో నీరు తీసి వదిలేసిన పీట్ భూముల పాలు ఉంది. అంటే ఇది ఉష్ణమండలపు జబ్బు మాత్రమే కాదు. కాలువలు తవ్వించిన అధికారి అప్పటికి పదవీ విరమణ చేసి ఉంటాడు, దగ్గుతున్నది మాత్రం అప్పటికి పుట్టని పిల్లలు.

5. ఇళ్ళు కుంగుతున్నాయి. నెదర్లాండ్స్ పశ్చిమ భాగంలో పాత ఇళ్ళకు చెక్క దుంగలే పునాది. నీటిలో మునిగి ఉన్నన్నాళ్ళు అవి శతాబ్దాలు నిలిచాయి. నీటిమట్టం దిగి గాలి తగిలిన చోట పుచ్చిపోతున్నాయి. బాగుచేయించుకునే ఖర్చు ఇంటి యజమానిదే.

6. వాతావరణం మీద పడే భారం నేల విస్తీర్ణంతో పోలిస్తే విపరీతంగా ఉంది. నీరు తీసి పంట వేసిన సమశీతోష్ణ పీట్ భూమి ఏటా హెక్టారుకు సుమారు 29 టన్నుల బొగ్గుపులుసు వాయువును వదులుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్ర సంఘం లెక్కల పద్ధతి చెబుతోంది. ఐరోపా సమాఖ్యలో సాగుభూమిలో 3 శాతం మాత్రమే ఇలాంటి నేల, వ్యవసాయ రంగపు ఉద్గారాల్లో నాలుగో వంతు దాని నుంచే. ప్రపంచం మొత్తం మీద మానవుల వల్ల వెలువడే వాయువుల్లో రమారమి 4 శాతం పాడైన పీట్ భూములదే. ఈ అంకెలు మీ కార్యాలయాల్లోనూ ఉన్నాయి, అందుకే వాటిని ఇక్కడ సాగదీయను.

పరిష్కారం తెలియక ఈ పరిస్థితి వచ్చి ఉంటే ఇంత గట్టిగా రాసేవాణ్ని కాను. పీట్ నేల విషయంలో అదుపు చేయవలసింది ఒకే ఒక్కటి, అది నీటిమట్టం. లోతుగా నీరు తీసిన పీట్ పొలంలో నీటిమట్టాన్ని 10 సెంటీమీటర్లు పైకి తెస్తే ఏటా హెక్టారుకు కనీసం 3 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు సమానమైన ఉద్గారం తగ్గుతుందని 2021లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం తేల్చింది. నీటిమట్టం నేల ఉపరితలానికి 30 సెంటీమీటర్ల దిగువ వరకు చేరేదాకా ఈ లెక్క వర్తిస్తుంది. అంటే మొత్తం ముంచెత్తాలా, మొత్తం ఎండగట్టాలా అన్న పట్టుదలకు ఇక్కడ చోటు లేదు. పొలాన్ని సాగులోనే ఉంచి, మీటరు లోతున ఉన్న నీటిని అరమీటరుకు తెచ్చినా లాభం కొలవగలిగినంత ఉంటుంది. ఇండోనేషియా 2016లో సవరించిన నిబంధనల్లో సాగులో ఉన్న పీట్ భూముల నీటిమట్టం 40 సెంటీమీటర్ల కన్నా దిగరాదని చట్టంగానే రాసుకుంది. అమలు ఎలా ఉందన్నది వేరే మాట.

మీ ఇంజనీర్లు తరచూ లేవనెత్తే అభ్యంతరం మీథేన్, అంటే భూమిని వేడెక్కించే మరో వాయువు. తడి నేల మీథేన్ వదులుతుందన్నది నిజమే, దాన్ని కొట్టిపారేయడం నిజాయితీ కాదు. ముఖ్యంగా ఎరువులు మేసిన పొలం మీద నీటిని నిలబెట్టి ముంచేస్తే మొదటి కొన్నేళ్ళు మీథేన్ గట్టిగానే వస్తుంది. అయితే మీథేన్ గాలిలో సుమారు 12 ఏళ్ళకు చెదిరిపోతుంది, బొగ్గుపులుసు వాయువు శతాబ్దాల పాటు పోగుపడుతుంది. పైగా నీటిని నేల పైకి ఎక్కించకుండా, ఉపరితలానికి కాస్త దిగువన ఆపితే మీథేన్ చాలావరకు అదుపులో ఉంటుంది. ఆ కాస్త దిగువన ఆపడమే నైపుణ్యం. దానికి తూముల దగ్గర మనిషి ఉండాలి, కొలత ఉండాలి, ప్రతి కాలానికీ వేరే మట్టం ఉండాలి. ఇదంతా మీ వృత్తి విద్య. రైతు దగ్గర లేని విద్య.

రైతు ఒంటరిగా ఎందుకు చేయలేడో కూడా ఇక్కడే చెప్పాలి. ఒకే కాలువ మీద ఆధారపడిన నలభై పొలాల్లో ఒక్క రైతు నీటిమట్టాన్ని పైకి తెద్దామనుకుంటే, ఆ నీరు పక్క పొలం దుంపలను కుళ్ళబెడుతుంది. అతడు ఊరుకుంటే తన నేల కరుగుతుంది. నీటిమట్టం కంచె వేసుకోగల ఆస్తి కాదు. కుట్టనాడులో ఒకే గట్టు లోపలి పొలాలన్నిటినీ కలిపి పాడశేఖరం అంటారు. నీరు ఎప్పుడు తోడాలో, ఎప్పుడు లోపలికి వదలాలో ఆ పాడశేఖరం రైతులంతా కలిసి తీర్మానించుకుంటారు. సముద్రమట్టం కన్నా దిగువన సాగుచేసే ఆ పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అక్కడి నుంచి నేర్చుకోవలసింది వరి వంగడం గురించి కాదు, ఒకే నీటి కింద ఉన్నవారు ఒకే మాట మీద ఉండడం గురించి.

తడి నేల మీద పండే పంటలూ లేకపోలేదు. మన చెరువుల్లో కలుపుగా చూసే జమ్ము ఐరోపాలో గోడలకు వేసే వేడి నిరోధక పలకలకు ముడిసరుకు. కిక్కిసగడ్డి అక్కడ ఇళ్ళ పైకప్పులకు శతాబ్దాలుగా వాడుతున్నదే. ఆగ్నేయాసియాలో సగ్గుబియ్యాన్నిచ్చే సాగో తాటి, బంక ఇచ్చే జెలుతుంగ్ చెట్టు నీరు తీయని పీట్‌లోనే పెరుగుతాయి. ఈశాన్య జర్మనీలోని మాల్షిన్ పట్టణంలో 2014 నుంచి ఇళ్ళకు వేడినీరు పంపే ఒక కేంద్రం తడి పచ్చికబయళ్ళలో కోసిన గడ్డితో నడుస్తోంది. కాలిఫోర్నియా డెల్టాలోని ట్విచెల్ లంకలో 1997 నుంచి జమ్ము, తుంగ జాతి మొక్కలు పెంచి నీరు నిలిపిన చోట కుంగుదల ఆగడమే కాదు, నేల ఏటా సగటున సుమారు 4 సెంటీమీటర్లు పెరిగింది. అయినా ఒక మాట దాచను. ఈ రోజు జమ్ము మీద వచ్చే ఆదాయం కూరగాయల మీద వచ్చే ఆదాయానికి సాటి రాదు. కొనేవాడు లేని పంట వేయమని రైతుకు ఉపన్యాసం ఇచ్చి వెళ్ళే శిక్షణ శిబిరాలు కొన్ని చూశాను. శిబిరం ముగిసేలోపే సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. వెళ్ళినవారిది తప్పనలేను.

కనుక మీ ముందు ఉంచుతున్న డిమాండ్లు ఇవి.

1. పీట్ పొలాలున్న ప్రతి మురుగు పరివాహక ప్రాంతంలో నీటిమట్టం కొలిచే గొట్టాలు దింపి, కనీసం వారానికోసారి కొలిచి, ఆ అంకెలను రైతులకు వారి భాషలో అందుబాటులో ఉంచాలి. నేల ఎంత కుంగుతోందో చూపే గుర్తు కడ్డీలను కూడా పాతాలి. పెద్ద ఖర్చేమీ లేదు, 1851లోనే ఒక ఇనుప స్తంభంతో ఆ పని చేశారు.

2. ఇప్పటికీ తడిగా ఉన్న పీట్ భూమిలో కొత్త కాలువ తవ్వడానికి అనుమతి ఇవ్వరాదు. కాంగో పరివాహక ప్రాంతపు మధ్య భాగంలో లక్షన్నర చదరపు కిలోమీటర్ల మేర ఉన్న పీట్‌లో సుమారు 3,000 కోట్ల టన్నుల కర్బనం ఉందని అంచనా. దాన్ని మరో కలిమంతన్ చేసుకోవలసిన అవసరం ఎవరికీ లేదు.

3. నీటిమట్టాన్ని పొలం వారీగా కాక కాలువ వారీగా నిర్ణయించాలి. ఆ నిర్ణయంలో సొంతదారులతో పాటు కౌలు రైతులకూ ఓటు ఉండాలి. పంట లేని నెలల్లో నీటిని పైకి తేవడం, పంటకు తగినంత మాత్రమే దించడం తక్షణమే మొదలుపెట్టదగ్గ పని, దానికి కొత్త చట్టం అక్కర్లేదు. తూములు, అడ్డుకట్టలు, పంపుల మార్పులకు అయ్యే ఖర్చు ప్రభుత్వం భరించాలి.

4. అన్ని పీట్ భూములనూ ఒకే గాటన కట్టరాదు. లోతైన పీట్ మిగిలి ఉన్న చోట, నేల కుంగి పంపు ఖర్చు పెరిగిన చోట ముందుగా నీటిమట్టాన్ని పైకి తేవాలి. ఎక్కడ ఎంత లోతు పీట్ మిగిలిందో చూపే పటం లేకుండా ఈ వరస నిర్ణయించడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే అవుతుంది.

5. సబ్సిడీల తలకిందుల వ్యవహారాన్ని సరిచేయాలి. నీరు తీసి పంట వేసినవారికి సాయం అందుతూ, నీరు నిలిపి జమ్మో కిక్కిసో వేసినవారి భూమి సాగుభూమి కాదని లెక్క నుంచి తప్పిపోతే ఏ రైతు ముందుకు వస్తాడు? తడి పంటలను పంటలుగా గుర్తించాలి. నిలబెట్టిన నీటికి, తగ్గించిన ఉద్గారానికి హెక్టారుకు ఇంత అని పదేళ్ళకు తగ్గని ఒప్పందంతో చెల్లించాలి. ఏడాది ఏడాదికీ మారే పథకాన్ని నమ్మి ఎవరూ కాలువ పూడ్చరు.

6. ఆ పంటకు మొదటి కొనుగోలుదారు ప్రభుత్వమే కావాలి. బడులు, ఆసుపత్రులు, కార్యాలయాలు కట్టేటప్పుడు తడి నేలల గడ్డితో చేసిన పలకలను నిర్ణీత శాతం మేరకు వాడే నిబంధన పెడితే మార్కెట్టు దానంతటదే కదులుతుంది.

7. కాలువలకు అడ్డుకట్టలు వేసేటప్పుడు ఆ కాలువ మీద పడవ నడిపేవారిని అడగాలి. కలిమంతన్‌లో కాలువే దారి, దాని మీదనే సరుకు, మనుషులు సాగుతారు. వారిని అడగకుండా కట్టిన కట్ట రాత్రికి రాత్రి తెగుతుంది. ఆపై ఆ నేరాన్ని వారి మీద మోపడం మరీ అన్యాయం. పడవ పోయే దారి విడిచి కట్టడం ఇంజనీరుకు అసాధ్యమేమీ కాదు. ఎండాకాలం రాకముందే ఈ కట్టల మరమ్మతు పూర్తి కావాలి, పొగ వచ్చాక విమానాలతో నీళ్ళు చల్లించడం కాదు.

8. కూలీల ఉపాధిని లెక్కలోకి తీసుకోవాలి. కూరగాయల సాగులో కోతకు, ప్యాకింగుకు వందలమంది పనిచేస్తారు. యంత్రంతో కోసే గడ్డికి అంతమంది అవసరం ఉండదు. భూమి ఉన్నవారికి పరిహారం ఇచ్చి, లేనివారికి ఏమీ ఇవ్వని పథకం నా దృష్టిలో సగం పథకమే.

కాలపరిమితి గురించి. ఐరోపా సమాఖ్య 2024లో చేసిన ప్రకృతి పునరుద్ధరణ చట్టం నీరు తీసిన సాగు పీట్ భూముల్లో 30 శాతాన్ని 2030 నాటికి, 40 శాతాన్ని 2040 నాటికి, 50 శాతాన్ని 2050 నాటికి పునరుద్ధరించే చర్యలు చేపట్టాలని సభ్య దేశాలను ఆదేశించింది. మొదటి గడువు నాటికి అందులో కనీసం నాలుగో వంతు, తరువాతి గడువులకు మూడో వంతు భూమిని తిరిగి తడపాలి. తడపడానికి రైతు తనంత తానుగా ఒప్పుకోవాలన్న షరతు కూడా అందులో ఉంది. ఆ షరతు సరైనదే. కానీ ఒప్పుకోదగ్గ ప్రతిపాదన రైతు ముందు పెట్టినప్పుడే దానికి అర్థం. గడువులు లేని దేశాలు కనీసం ఇలాంటి గడువులనైనా ప్రకటించాలి.

ఈ లేఖకు మూడు వేర్వేరు జవాబులు వద్దు. మూడు శాఖలూ కలిసి ఒకే కాగితం మీద, ప్రతి మురుగు పరివాహక ప్రాంతానికి నాలుగు ప్రశ్నలకు సమాధానం ఇవ్వండి. ఈ రోజు అక్కడ నీటిమట్టం ఎంత లోతున ఉంది? ఆ మట్టాన్ని ఎవరు, ఏ ఏడాది నిర్ణయించారు? అప్పటి నుంచి నేల ఎంత కుంగింది? ఇంకా ఎంత పీట్ మిగిలి ఉంది? తొంభై రోజుల్లో ఈ సమాచారాన్ని ప్రజల ముందు పెట్టాలని కోరుతున్నాను. నాలుగింటిలో దేనికైనా మీ దగ్గర జవాబు లేకపోతే, లేదనే రాయండి. కొలత గొట్టాలు మొదట ఎక్కడ దింపాలో దాన్నిబట్టి తెలుస్తుంది, ఆ పనికి నేనూ నా సహచరులూ ఎప్పుడు పిలిచినా వస్తాము.

ఇట్లు,
భవదీయుడు,
నేలల పరీక్షా రంగంలో పనిచేస్తున్న ఒకరు